తేలికపాటి డెస్క్‌టాప్, 4వ పాఠం: ఆటోస్టార్ట్‌లో నిలిచిపోయిన వరుసలు

గత పాఠంలో చెప్పిన ఆటోస్టార్ట్ ఫైలు (లాగిన్ కాగానే నడవవలసిన ఆదేశాల జాబితా) రాసుకున్నాక ప్యానెల్ వచ్చింది గానీ తెలుగు కీబోర్డు రాలేదని తాడిపత్రి, గుత్తి, ప్రొద్దుటూరు పాఠకులు రాశారు. అందుచేత మెనూ తయారీని వచ్చే పాఠానికి జరిపి, ఈసారి ఈ ఒక్క చిక్కునే విప్పుదాం. తెర మీది విండోలను నడిపే ఓపెన్‌బాక్స్‌ను ఇన్‌స్టాల్ చేయడం, లాగిన్ తెరలో దాన్ని ఎంచుకోవడం మీకు వచ్చినవే.

ఆటోస్టార్ట్ ఒక షెల్ స్క్రిప్టు, అంటే షెల్ అనే ప్రోగ్రాము పై నుంచి కిందికి చదివి నడిపే ఆదేశాల ఫైలు. ఒక వరుసలోని ఆదేశం ముగిసేదాకా షెల్ తరువాతి వరుస జోలికి పోదు. టింట్2 ప్యానెల్ మీరు లాగౌట్ అయ్యేదాకా నడుస్తూనే ఉంటుంది గనుక, దాని చివర & గుర్తు లేకపోతే కిందనున్న, కీబోర్డు మార్చే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్‌కు వంతు రాదు. అనుమానముంటే టెర్మినల్‌లో ‘కిల్లాల్ టింట్2’ ఆదేశమిచ్చి చూడండి. ప్యానెల్ మాయమవుతుంది, ఆ వెంటనే ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కి టైపు చేస్తే తెలుగు అక్షరాలు పడతాయి.

కొందరు & ఉండవలసిన చోట && పెట్టారు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే పొరపాటు ఇదే, ఎందుకంటే ఫైలు చూడడానికి సరిగానే ఉంటుంది. ఒక & ఉంటే షెల్ ఆ ఆదేశాన్ని వెనుక నడవనిచ్చి తాను ముందుకు పోతుంది; రెండుంటే మొదటిది ముగిసి, అదీ సఫలమైతేనే తరువాతి ఆదేశాన్ని మొదలుపెడుతుంది. ముగియని టింట్2 పక్కన && పెడితే దాని కింది వరుస ఎదురుచూస్తూ ఉండిపోవలసిందే. ప్యానెల్‌లో నెట్‌వర్క్ గుర్తు చూపే ఎన్‌ఎం-యాప్లెట్‌కు ఒక & కావాలి. వాల్‌పేపర్ పెట్టే ఫే, కీబోర్డు మార్చే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ తమ పని చూసుకుని తామే తప్పుకుంటాయి కాబట్టి వాటికి అక్కర్లేదు. విండోలకు నీడల వంటి హంగులిచ్చే పికామ్‌కూ & కావాలి, అయితే 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో కేవలం నీడల కోసం దాన్ని పెట్టవద్దనే నా సలహా.

త్వరగా ముగిసేవాటిని పైన, నిలిచి నడిచేవాటిని కింద రాయడం నా పద్ధతి; అప్పుడు ఎక్కడైనా & మరిచినా కీబోర్డుకు ఢోకా ఉండదు.

ఫైలు దిద్దాక ఓపెన్‌బాక్స్‌కు రీకాన్ఫిగర్ ఆదేశమిచ్చినా మార్పు కనబడలేదని కొందరన్నారు. ఆ ఆదేశం ఓపెన్‌బాక్స్ అమరికలుండే ఆర్‌సీ.ఎక్స్‌ఎంఎల్‌ను, మెనూ ఫైళ్లను మళ్లీ చదువుతుందే తప్ప ఆటోస్టార్ట్‌ను నడపదు. లాగౌట్ అయి మళ్లీ లోపలికి రావాలి.

అభ్యాసం: ఫైలు మొదటి వరుసగా, 30 సెకన్లు ఊరకే ఆగే ‘స్లీప్ 30’ను ఒట్టిగా, తరువాత &తో, ఆపై &&తో రాసి, ప్రతిసారీ ఏమవుతుందో ముందే కాగితం మీద రాసుకుని లాగిన్ అవ్వండి. చివరగా స్లీప్ తీసేసి, ఎప్పుడూ విఫలమయ్యే ఫాల్స్ ఆదేశంతో ‘ఫాల్స్ &&’ పెట్టండి. అప్పుడు ఒక్క ఆదేశం మాత్రమే నడవదు. అది ఏదో, మిగతావి ఎందుకు నడిచాయో కారణంతో రాసి పంపండి.