ఉప్పుగాలికి బిగుసుకుపోయిన కారు తాళం: కీ విరగ్గొట్టకుండా తీసే పద్ధతి

2023 డిసెంబర్ 23, వైకుంఠ ఏకాదశి. తెల్లవారుజామున మూడున్నరకే అమ్మ పట్టుచీర కట్టుకొని గేటు దగ్గర నిలబడింది, నెల్లూరు రంగనాథస్వామి గుళ్లో ఉత్తర ద్వార దర్శనానికి. మాది కావలి, గంట పైన ప్రయాణం. రిమోట్ నొక్కాను, ఉలుకూ పలుకూ లేదు. మిగ్‌జాం తుఫాను వస్తోందని వాకిట్లో నిలిపిన కారు, అది మన తీరం పక్కగా నడిచి 5వ తేదీన బాపట్ల దగ్గర ఒడ్డెక్కిన తర్వాత కూడా నేను కదిలించలేదు, మొత్తం మీద మూడు వారాల దాకా అలాగే ఉంది, బ్యాటరీ చచ్చింది. సరే, కీ ఉందిగా అని డోర్ హ్యాండిల్ పక్కనున్న రంధ్రంలో పెడితే సగం దూరి ఆగిపోయింది.

ఫోన్‌లో వెతికితే వచ్చిన సలహాలన్నీ మంచు దేశాల వాళ్లవి. తాళంలో నీళ్లు గడ్డకట్టాయి, లైటర్‌తో కీ వేడి చేసి పెట్టండి అని. ఆ కంగారులో నేను కావలిలో ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయి దీపం దగ్గరి అగ్గిపెట్టె తెచ్చి కీ కాల్చాను. తాళం కదల్లేదు గానీ కీ తల మీది ప్లాస్టిక్ మెత్తబడి వంగిపోయింది. "ఏందిరా ఆ కంపు" అని అమ్మ అడిగింది, ఆ తర్వాత నన్ను నమ్ముకోకుండా ఆటో ఎక్కి బస్టాండుకి పోయింది. దర్శనం చేసుకొని ప్రసాదం పట్టుకొని ఆమె తిరిగొచ్చే వేళకి కూడా నేను కారు పక్కనే ఉన్నాను.

మన దగ్గర ఎవరికైనా ఇదే జరిగితే పనికొస్తుందని రాస్తున్నాను.

మంచు దేశంలో తాళం బిగిసేది లోపలి తడి గడ్డకట్టి. నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి లోపలి రేకులు కదలవు. వేడి తగిలితే కరుగుతుంది, పని అయిపోతుంది. మనకి ఇక్కడ బిగిసేది ఉప్పుతో, దుమ్ముతో. కారు తాళం లోపల చిన్న చిన్న పలచని రేకు ముక్కలు వరసగా ఉంటాయి, ఒక్కోదాని వెనక వెంట్రుకంత స్ప్రింగు. కీ గాట్లు ఆ రేకుల్ని సరైన ఎత్తులో నిలబెడితేనే బారెల్, అంటే కీ దూరే గుండ్రటి గొట్టం, తిరుగుతుంది. ఒక్క రేకు ఇరుక్కున్నా కీ అక్కడే ఆగుతుంది. మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం, పాకల, ఎక్కడైనా సరే సముద్రం మీది గాలిలో ఉప్పు ఉంటుంది. ఇసకపల్లి ఉప్పు మడుల పక్కనో, రొయ్యల గుంటల గట్టు మీదో రోజూ బండి నిలిపే వాళ్లకైతే చెప్పనే అక్కర్లేదు, గుంట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు చిమ్మే తుంపర నేరుగా డోర్ మీదే పడుతుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ డెబ్బై అయిదు శాతం దాటితే తనంతట తానే నీరు పీల్చుకుంటుంది, సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అంతకంటే చాలా తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి ముసురు, అంటే ఆ మూడు నెలలూ తాళం లోపల ఉప్పునీళ్ల పూత ఉన్నట్టే. ఇత్తడి రేకులకి పచ్చటి చిలుము, జింకు బారెల్‌కి తెల్లటి పొడి. చీమకుర్తి వైపు వాళ్లకి ఉప్పు తక్కువే గానీ గ్రానైట్ పొడి ఉంది, అది వేరే తలనొప్పి.

పైగా అందరం రిమోట్‌కి అలవాటు పడ్డాం. ఆ రంధ్రంలో కీ పెట్టి ఎన్నేళ్లయిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ముందు తాళమే తప్పా, ఇంకేదన్నానా చూసుకోండి. రిమోట్ మీద చిన్న లైటు వెలగకపోతే లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, చాలా వాటిలో ఉండేది సీఆర్ 2032, అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, వాచీలు బాగుచేసే షాపుల్లో దొరుకుతుంది, అది మారిస్తే ఈ గొడవ ఏమీ అక్కర్లేదు. రిమోట్ లైటు వెలుగుతూనే కారు పలకకపోతే ఎక్కువ సార్లు కారు బ్యాటరీయే డౌన్ అయి ఉంటుంది. బటన్ స్టార్ట్ కార్ల వాళ్లు మా కీకి కత్తి లేదు అనుకుంటారు, ఉంటుంది, రిమోట్ పక్కన చిన్న నొక్కుడు ఉంటుంది, అది నొక్కి లాగితే లోపల్నుంచి ఇనుప కీ బయటికి వస్తుంది. కొన్ని మోడళ్లలో కీ హోల్ కూడా హ్యాండిల్ చివర మూత కింద దాక్కొని ఉంటుంది. వెనక డోరు లోపల్నుంచి రావట్లేదని షెడ్డుకి పరుగెత్తేవాళ్లు మాత్రం ముందు చైల్డ్ లాక్ చూసుకోండి, మా బాబాయి ఆ పని చేసి నవ్వులపాలయ్యాడు.

ఇక తాళమే బిగిసింది అనుకుందాం. రెండు వేళ్లతో, బొటనవేలూ చూపుడువేలూ, అంతే, అంతకంటే బలం వాడొద్దు. కటింగ్ ప్లేయర్ కోసం చెయ్యి వెళ్లిందంటే ఆగిపోండి, కీ లోపల విరిగితే దాన్ని బయటికి తీయడం ఒక ఖర్చు, కొత్త కీకి చిప్ కలపడం ఇంకో ఖర్చు. కీ పూర్తిగా లోపలికి పోకముందు తిప్పడం అసలు చేయొద్దు. కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్, కుట్టుమిషన్ నూనె ఏదీ పోయొద్దు. ఇది నాకు ట్రంకు రోడ్డులో గొడుగు కింద కూర్చునే తాళాల తాత చెప్పిన మాట, "అబ్బయా, నూనె మాత్రం పెట్టబాక, ఇవాళ తిరుగుద్ది, సంకురాత్రికి మళ్లీ నా కాడికే వస్తావు" అని. నూనె దుమ్ముని పట్టుకొని జిగురు ముద్దలా అవుతుంది, ఉప్పు ఎక్కడిదక్కడే ఉంటుంది. క్యారంబోర్డు పౌడర్ వేయమని మా వీధిలో ఒకాయన సలహా ఇచ్చాడు, అదీ వద్దు.

ఉప్పుని కరిగించేది నీళ్లే. తుప్పు పట్టినదానికి నీళ్లేంటి అని నేనూ అన్నాను. స్పిరిట్‌లో ఉప్పు దాదాపు కరగదు, నూనెలో అసలే కరగదు, నీళ్లయితే వంద మిల్లీలీటర్లకి దగ్గర దగ్గర 36 గ్రాముల ఉప్పుని మింగేస్తాయి. కానీ బోరు నీళ్లు వద్దు, మన బోర్లలో ఉన్నదీ ఉప్పే. పెట్రోల్ బంకులో అమ్మే బ్యాటరీ వాటర్ తెచ్చుకోండి. అది డిస్టిల్డ్ వాటర్ అని సీసా మీద రాసి ఉందో లేదో చూడండి, బ్యాటరీ యాసిడ్ సీసా కూడా ఆ పక్కనే పెడతారు. మెడికల్ షాపులో 5 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి, ఇంజెక్షన్ ముందు తుడిచే స్పిరిట్ సీసా ఒకటి. సిరంజికి సూది వద్దు.

కీ హోల్ మీద స్ప్రింగు తలుపు లాంటిది ఉంటుంది, దాన్ని పిన్నీసుతో మెల్లగా లోపలికి నొక్కి పట్టుకొని, సిరంజి మూతి ఆనించి రెండు మూడు మిల్లీలీటర్ల నీళ్లు లోపలికి వదలండి. కీ పెట్టి, పోయినంత దూరం పోనిచ్చి, బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టండి. నాకు మొదటి నాలుగు సార్లు కీ మీద నల్లటి బురద వచ్చింది, అయిదోసారికి పచ్చటి నీళ్లు. పది నిమిషాలు వదిలేసి టీ తాగి వచ్చి మళ్లీ కొంచెం నీళ్లు. లోపలికి పోయిన నీళ్ల గురించి టెన్షన్ వద్దు, వానలో అద్దం పక్కనుంచి డోర్ లోపలికి ఎన్ని నీళ్లు దిగుతాయో చూస్తే ఈ కొంచెం ఒక లెక్క కాదు, డోర్ అడుగున వాటికోసం రంధ్రాలు ఉంటాయి. ఆ రంధ్రాలు మట్టితో పూడుకుపోయాయేమో అదే చేత్తో ఒక చీపురుపుల్లతో పొడిచి చూడండి, మాది తీస్తే గ్లాసుడు నీళ్లు కారాయి.

కీ పూర్తిగా దూరాక ముందు లాక్ వేసే వైపు కొద్దిగా తిప్పండి, తర్వాత తీసే వైపు. అటూ ఇటూ, వెంట్రుకవాసి చొప్పున. తిరుగుతున్న కొద్దీ ఇరుక్కున్న రేకు ఒదులవుతుంది. నాకు అరగంట పట్టింది, ఓపిక లేనివాళ్లు ఇక్కడే కీ విరగ్గొట్టుకుంటారు.

తెరుచుకోగానే వదిలేయొద్దు, లోపల తడి ఉంది. అదే సిరంజితో రెండుసార్లు స్పిరిట్ పంపితే అది నీళ్లని తనలో కలుపుకొని ఆరిపోతుంది. శానిటైజర్ ఇంట్లో మిగిలి ఉంటే నీళ్లలా ఉండేదైతే ఫర్వాలేదు, జెల్ అయితే వద్దు, జిగురు. స్పిరిట్ వాడేటప్పుడు దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి, నాలాంటివాళ్లు ఉంటారని చెప్తున్నా. కారు ఓ పూట ఎండలో నిలపండి. తర్వాత గ్రాఫైట్ పొడి, చిటికెడు. దొరక్కపోతే స్టేషనరీ షాపులో బొమ్మలు వేసే 6బి పెన్సిల్ కొని కీ గాట్ల మీద నల్లగా రుద్ది, పెట్టి తీసి, మళ్లీ రుద్ది, ఓ పదిసార్లు చేయండి, పెన్సిల్ ముల్లులో ఉన్నది గ్రాఫైటే, బి పక్కన అంకె పెరిగే కొద్దీ ఎక్కువ ఉంటుంది. పొడిగా ఉంటుంది కాబట్టి దుమ్ము అంటుకోదు.

డబ్ల్యూడీ-40 సంగతి అడుగుతారు. అది 1953లో అమెరికాలో రాకెట్ భాగాలకి తడి అంటకుండా తయారుచేసిన మందు, పేరులోనే ఉంది, తడిని తోసేది, నలభయ్యో ప్రయత్నం అని. ఉప్పు కడిగిన తర్వాత స్పిరిట్‌కి బదులు అది కొట్టొచ్చు, మంచిదే. కాకపోతే అది పలచటి నూనె పూత మిగులుస్తుంది, దాని మీద గ్రాఫైట్ వేస్తే రెండూ కలిసి బురద. ఏదో ఒకటి పెట్టుకోండి. నాకైతే పెన్సిలే నచ్చింది.

కీ తిరిగింది, టక్‌మంది, అయినా డోరు రావట్లేదంటే అంటుకుంది డోరు అంచు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్. రోహిణి కార్తె ఎండల్లో నెలరోజులు నిలిపిన కారుకి ఇది మామూలే. హ్యాండిల్ లాగి పట్టుకొని తుంటితో డోరుని ముందు లోపలికి నెట్టి అప్పుడు లాగండి, వస్తుంది. తర్వాత బీడింగ్‌ని సబ్బునీళ్లతో తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి, లేదా గ్లిజరిన్ రాయండి. గ్రీజు మాత్రం రబ్బరుకి తగలనీయొద్దు, ఉబ్బుతుంది. గ్రీజు పెట్టాల్సింది డోర్ అంచున ఉండే కొక్కెం లాంటి లాచ్‌కి, తెల్లటి లిథియం గ్రీజు, కొంచెం.

ఇంకొకటి. లోపల పసిబిడ్డ ఉండిపోతే ఈ సిరంజీలూ పెన్సిళ్లూ ఏవీ వద్దు. మన ఎండలో అద్దాలు మూసిన కారు నిమిషాల్లో పొయ్యి అవుతుంది. ఒకరు 112కి ఫోన్ చేస్తుండగానే ఇంకొకరు బిడ్డకి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూల మీద కొట్టి పగలగొట్టండి. డ్రైవర్ ఎదురుగా ఉండే పెద్ద అద్దం జోలికి పోవద్దు, అది పొరల గాజు, పగిలినా ఊడిరాదు.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లకి మాత్రం ఆ లైటర్ సలహా పనికొస్తుంది, ఇనుప కీ అయితే, ప్లాస్టిక్ తల, చిప్ ఉన్నవి కాదు. మా బావమరిది మినియాపోలిస్‌లో ఉంటాడు, అక్కడ సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పోయే రోజులుంటాయి. తాళంలోకి కొట్టే డీఐసర్ సీసా అమ్ముతారు, అందులో ఉండేది ముఖ్యంగా ఆల్కహాల్ లాంటివే, అవి ఆ చలికి కూడా గడ్డకట్టవు, మంచుని కరిగిస్తాయి. వేణ్ణీళ్లు పోయకూడదట, ఆ క్షణానికి కరిగి వెంటనే మళ్లీ గడ్డకడుతుంది, అద్దం మీద పడితే పగలొచ్చు. ఇంత చెప్పి, నీ సీసా ఎక్కడ పెట్టుకున్నావురా అంటే కారు డాష్‌బోర్డులో అన్నాడు.

ఇప్పుడు నేను నెలకోసారి, జీతం పడిన రోజు, రిమోట్ పక్కన పెట్టి కీతోనే డోరు తీస్తాను, మూస్తాను. ముసురు కాలంలో పదిహేను రోజులకోసారి. బీచ్‌కి పోయి వస్తే మంచినీళ్లతో హ్యాండిళ్లు కడిగి తుడుస్తాను. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ పైపు కీ హోల్‌కి ఎదురుగా పెట్టొద్దని ఆ అబ్బాయికి ప్రతిసారీ చెప్తాను, ప్రతిసారీ పెడతాడు. బటన్ స్టార్ట్ కారు కీతో తెరిస్తే అలారం మోగొచ్చు, రిమోట్ బ్యాటరీ మాత్రమే పోయి ఉంటే దాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే చాలా మోడళ్లు స్టార్ట్ అవుతాయి, అప్పుడు అలారం కూడా ఆగుతుంది. డూప్లికేట్ కీ అమ్మ బీరువాలో ఉంది. వైకుంఠ ఏకాదశికి ముందు రోజు అది అడిగి తీసుకొని తాళం ఒకసారి తిప్పి చూసి చెప్పమని ఆమే అంటుంది.