కోకిల కూతతో జారు సాధన

సప్తస్వరాలలో ‘ప’ అయిన పంచమాన్ని కోకిల స్వరంగా చెప్పే శాస్త్ర సంప్రదాయం మనకు ఉన్నప్పటికీ, వసంతంలో చెట్ల గుబురులోంచి వినిపించే కూత ఒకే స్వరం మీద నిలవదు. మగకోకిల ప్రతి కూతలోనూ కింది నుంచి పైకి జారుతుంది, మరుసటి కూతను మునుపటి కంటే కొంచెం హెచ్చుగా అందుకుంటుంది, ఆ వరుసను హఠాత్తుగా ఆపేస్తుంది. వేణువు మీదనో వయొలిన్ మీదనో జారు, అంటే ఒక స్వరం నుంచి మరో స్వరానికి తెగకుండా జారడం, సాధన చేసేవారికి ఇంతకంటే మంచి పాఠం ఉచితంగా దొరకదు.

తెల్లవారుజామున, వాహనాల రద్దీ మొదలుకాక ముందే, కూతను ఫోన్‌లో రికార్డు చేసుకొని సగం వేగంతో వినండి. అయితే చాలా యాప్‌లు వేగం తగ్గించినా శ్రుతిని యథాతథంగా ఉంచుతాయి కాబట్టి, ఆ సదుపాయాన్ని ఆపివేస్తేనే కూత సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగి మన గొంతుకు దగ్గరవుతుంది. తరువాత శ్రుతిపెట్టెను కూత మొదలయ్యే చోటికి సరిచేసి, దానిని షడ్జమంగా (‘స’గా) భావించి, జారు ఎక్కడ ఆగుతున్నదో వెతకాలి. అది మన పన్నెండు స్వరస్థానాలలో ఏ ఒక్కదానిపైనా కచ్చితంగా కుదరకపోవచ్చు. అంతమాత్రాన దానిని దగ్గరి స్వరానికి లాగకుండా, మొదట ఉన్నదున్నట్లు పాడి, ఆ తరువాతనే వాద్యం మీద పలికించడం మేలు. ఫ్రెంచ్ స్వరకర్త ఒలివియే మెస్సియాన్ (1908–1992) కూడా పక్షుల పాటలను పియానోకు మలచినప్పుడు వేగం తగ్గించి, స్థాయి దించి రాసుకున్నారు.

కచేరీలో దీనిని వాడదలచినవారు, ఆలాపన తారస్థాయికి చేరే ముందు ఒక్కచోట, రెండు మూడు మెట్లుగా వాడితే చాలు. వయొలిన్ సహకారం ఉన్నప్పుడు ఆ కళాకారుడికి ముందే చెప్పి ఉంచండి; గాత్రం హఠాత్తుగా ఆగిన చోట వయొలిన్ కూడా ఆగవలసి ఉంటుంది.