ఊరి బడి గురించి తల్లిదండ్రులకు చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

జూన్‌లో బడిబాట (సర్కారు బడుల్లో పిల్లలను చేర్పించే కార్యక్రమం) మొదలయ్యాక బ్యానర్ పట్టుకుని ఊళ్లోకి వెళ్తే అప్పటికే ఆలస్యమైపోతుంది. ప్రైవేటు బడుల వాళ్లు మార్చి, ఏప్రిల్‌లోనే ఇల్లిల్లూ తిరిగి అడ్వాన్స్ కట్టించుకుని వెళ్తారు. డబ్బు కట్టిన తండ్రిని తర్వాత ఒప్పించడం చాలా కష్టం. నేను నల్గొండ జిల్లాలో ఇద్దరు టీచర్లున్న ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. కొత్తగా డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) ఎంపికై ఇలాంటి బడులకే వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదట అంగన్‌వాడీ టీచర్ దగ్గర కూర్చోండి. ఐదేళ్లు నిండుతున్న పిల్లలెవరో, ఏ ఇంట్లో ఏం ఆలోచిస్తున్నారో ఆమెకు తెలిసినంతగా ఊళ్లో ఎవరికీ తెలియదు. పేర్లు రాసుకుని, వీలైతే ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి. తల్లులకు మనకంటే ఆమె మీదే నమ్మకం ఎక్కువ.

ఏప్రిల్‌లో పొద్దున్నే వెళ్తే ఇళ్లకు తాళాలుంటాయి. తల్లులు ఉపాధి పనికి పోతారు, తండ్రులు వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో కుప్పల దగ్గర ఉంటారు. చీకటి పడే వేళ వెళ్లండి. గడప బయట నిలబడి కరపత్రం ఇచ్చి రావద్దు. అరుగు మీద కూర్చోండి, ఇచ్చిన మంచినీళ్లు తాగండి, ముందు పిల్ల గురించి అడగండి. ఏం తింటుంది, ఎవరితో ఆడుతుంది, జబ్బు ఏమైనా చేసిందా? నానమ్మ ఉంటే ఆమెతోనే ఎక్కువ మాట్లాడండి. చాలా ఇళ్లలో పిల్లను ప్రైవేటు బడి బస్సు ఎక్కించాలా వద్దా అన్నది ఆమె మాట మీదే తేలుతుంది.

పథకాల పేర్లు ఏకరువు పెట్టకండి. వాళ్ల మనసులో ఉన్న అనుమానాలు నాలుగే. వాటికి సూటిగా జవాబిస్తే చాలు.

మొదటిది, “మీ బడిల ఇంగ్లీషు వస్తదా మేడం?” 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ఉందని చాలామందికి ఇప్పటికీ తెలియదు. అది నోటితో చెప్పకండి, పుస్తకం చేతిలో పెట్టండి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. నేను రెండో తరగతి పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్తాను. ఆ వాడకట్టులోనే ఉండే మన బడి పిల్లను పిలిచి, “నానమ్మా, ఏ పేజీ చదవమంటావో నువ్వే తియ్యి” అంటాను. పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంటూ ఇంగ్లీషు వాక్యం చదువుతుంది, తర్వాత పక్క పేజీ చూడకుండా దాని అర్థం తెలుగులో చెబుతుంది. ఒక మాట దగ్గర ఆగినా పరవాలేదు, మీరు అందించకండి. కాసేపటికి తనే పట్టుకుంటుంది. ఆ నిమిషంలో నానమ్మ ముఖం చూస్తే మీకే తెలుస్తుంది, ఇక ఇంగ్లీషు గురించి వేరే చెప్పాల్సిన పని లేదు. అయితే ఏడాదిలో గడగడా మాట్లాడేస్తారని మాత్రం మాట ఇవ్వకండి. అది ఏ బడిలోనూ జరగదు.

రెండోది అసలు ప్రశ్న. “ఐదు తరగతులకు ఇద్దరే ఉంటిరి, ఎట్ల చెప్తరు?” దీన్ని దాటేయకండి. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 దాటితే ముగ్గురు. మా దగ్గర ఒకటి, రెండు తరగతులు ఒక గదిలో, మూడు, నాలుగు, ఐదు ఇంకో గదిలో కూర్చుంటాయి. ఒక తరగతి రాసుకుంటుంటే ఇంకో తరగతికి చెబుతాం. ఒకరు సెలవు పెట్టిన రోజు ఇబ్బందే. ఆ సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే రేపు వాళ్లే చూస్తారు. దాంతోపాటు ఇంకో మాట కూడా చెబుతాను. వరసగా రెండు మూడేళ్లు ఒకే టీచర్ చూస్తే, ఏ పిల్లకు తీసివేతలు రావు, ఎవరికి ఒత్తులు తప్పుతున్నాయి అన్నది ఆ టీచర్‌కు రిజిస్టర్ చూడకుండానే తెలుస్తుంది.

మూడోది భోజనం. దీని గురించి మాట్లాడటం కంటే పిలిచి చూపించడం మేలు. “ఏ రోజైనా రండి, ముందు చెప్పాల్సిన పని లేదు, పిల్లలతో కూర్చుని తినండి” అనండి. అయితే అలా అనే ముందు మీరు రోజూ వంటగదిలోకి వెళ్లాలి. 2015 నుంచి మన బడుల్లో సన్నబియ్యమే వండుతున్నారు. ప్రాథమిక తరగతుల పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం, మొత్తం 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అందాలన్నది లెక్క. కానీ తల్లి ఆ లెక్క అడగదు. గరిటెతో పప్పు కలిపి చూస్తుంది, అడుగున పప్పు ఉందా నీళ్లున్నాయా అని. గుడ్డు ఇచ్చే రోజు అందరికీ అందిందా అని చూస్తుంది. పళ్లేలు కడిగే చోట బురద ఉందా అని చూస్తుంది. ఆమె కంటే ముందు మీరు చూసుకోండి. ఆడపిల్లల తల్లులు మరుగుదొడ్డి తలుపు తీసి మరీ చూస్తారు. గొళ్లెం లేకపోయినా, నీళ్లు రాకపోయినా ఊళ్లోకి వెళ్లకముందే పంచాయతీ కార్యదర్శితో, బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ వాళ్లతో మాట్లాడి బాగు చేయించండి.

నాలుగోది ఖర్చు. పుస్తకాలు, రెండు జతల యూనిఫాం ఉచితమని ఒక్క మాటలో చెప్పి ఆపండి. ప్రైవేటు ఫీజు లెక్క వాళ్లకే బాగా తెలుసు. అక్కడి బడిని తిట్టకండి. పిల్ల బాగుపడాలని అప్పు చేసి ఫీజు కడుతున్న తల్లిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. కావాలంటే, ఐదేళ్ల పిల్ల పొద్దున ఎన్నింటికి బస్సు ఎక్కుతుంది, సాయంత్రం ఎన్నింటికి దిగుతుంది అని మాత్రం అడిగి ఊరుకోండి.

వేసవి సెలవులకు ముందే, ఏప్రిల్ రెండో వారంలో, ఒక పూట తల్లిదండ్రులను తరగతిలోకి పిలవండి. బట్టీ పట్టించిన స్పీచ్‌లు, డాన్సులు వద్దు. మామూలు పాఠమే జరగాలి. వెనకబడిన పిల్లలను ఇంటికి పంపేయకండి, వాళ్లకు మనం ఎలా చెబుతున్నామో చూడాల్సింది ఆ తల్లిదండ్రులే.

బడి మార్చాలనుకుని కాగితాల టెన్షన్‌తో ఆగిపోయేవాళ్లు ఉంటారు. పాత బడి వాళ్లు ఫీజు బాకీ ఉందని టీసీ (బదిలీ పత్రం) ఇవ్వడం లేదంటారు. టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. పుట్టిన తేదీ పత్రం లేదని వెనక్కి పంపకూడదని 14వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ముందు పిల్లను కూర్చోబెట్టండి. బడి పిల్లల వివరాలుండే ఆన్‌లైన్ జాబితా యూడైస్‌లో పాత బడి నుంచి పేరు మార్పించుకునే పని మండల రిసోర్స్ సెంటర్‌లో (ఎంఆర్‌సీ) అడిగి మీరే చూసుకోండి. దాని కోసం కూలి పని మానుకుని తండ్రి తిరిగేలా చేయకండి.

ఇంకొకటి ఉంది, దాదాపు ఎవరూ చెప్పరు. కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి నవోదయలో ఆరో తరగతి సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలవే. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లెలోని బడిలోనే చదివి ఉండాలి. మన ఊరి పిల్లే అయినా, బస్సెక్కి వెళ్లి పట్టణంలోని బడిలో ఆ తరగతులు చదివితే ఆ కోటా పోతుంది. గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్షకు కూడా నాలుగో తరగతి నుంచే మన బడిలో సిద్ధం చేయవచ్చు. రెండో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఈ మాట తప్పకుండా చేరాలి.

పిల్ల చేరాక మొదటి పదిహేను రోజులు సాయంత్రం పూట ఇంటికి ఫోన్ చేయండి. ఫిర్యాదు చేయడానికి కాదు. “ఈ రోజు మీ అమ్మాయి తన పేరు తానే రాసింది” అని చెప్పడానికి. ఆ మాట పక్కింటికి వెళ్లాక మీరు తిరగాల్సిన ఇళ్లు తగ్గుతాయి. ఈ ఏడు వద్దన్న ఇళ్ల పేర్లు కొట్టేయకండి. సంక్రాంతికి అందరూ ఇంటి దగ్గరే ఉంటారు, అప్పుడు ఇంకోసారి వెళ్లి పిల్ల ఎలా చదువుతోందో అడిగి రండి.