పాత క్లారినెట్ విప్పే ముందు

ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి బ్యాండు మేళాల వాళ్లకు వాయిద్యాలు బాగుచేసుకునే తీరిక దొరుకుతుంది. అటక మీద తాతగారి క్లారినెట్ ఉంటే మీరూ ఈ నెలలో దించొచ్చు. దించిన రోజే మాత్రం ఊదకండి. ఏళ్ల తరబడి ఎండిన చెక్క అది. ఊదితే లోపలివైపు తడికి ఉబ్బుతుంది, బయటివైపు పొడిగానే ఉంటుంది, పగులు వస్తుంది. ఎక్కువగా పగిలేది పై ముక్కే.

ముందు దాని మీద కొట్టిన ముద్రలు చూడండి. ఇంగ్లీషులో హెచ్.పి. అని ఉంటే అది పాత హై పిచ్ వాయిద్యం. దాని 'ఎ' స్వరం 440 హెర్ట్జ్ దగ్గర కాదు, 452 దగ్గర పలుకుతుంది. ఎంత బాగుచేసినా ఇవాళ్టి కీబోర్డుతో శ్రుతి కలవదు. రంధ్రాలు గీకి సరిచేద్దామనుకుంటే ఉన్నదీ పోతుంది.

ఇంట్లో చేసే పని మళ్లీ తీసేయగలిగేదై ఉండాలి. ముక్కల అతుకు దగ్గర కార్క్ అరిగిపోతే మైనం పట్టించిన దారం చుట్టండి, మరీ బిగించకుండా. నచ్చకపోతే విప్పేయొచ్చు. సన్నటి పగులులో ఫెవిక్విక్ లాంటిది పోస్తే తీయలేరు. పైగా అది పక్క రంధ్రంలోకో కీ (రంధ్రాన్ని మూసే లోహపు మీట) కిందికో పాకుతుంది. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టి కొన్నాళ్లు చూడండి. పెరిగినా, రంధ్రాన్ని తాకినా రిపేరు తెలిసినవాళ్లకే ఇవ్వండి.

స్క్రూలన్నీ ఒకేలా కనిపిస్తాయి, కానీ ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. అట్టముక్క మీద క్లారినెట్ బొమ్మ గీసి, తీసిన స్క్రూ తీసినట్టే దాని చోట గుచ్చండి. తుప్పుపట్టి కదలకపోతే పల్చటి మెషిన్ ఆయిల్ ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. సూదుల్లాంటి స్ప్రింగులు ఎగిరి కంట్లో పడొచ్చు, కళ్లజోడు తప్పనిసరి. వాటిని కీ నుంచి విడదీయడానికి క్రోషే సూది భలే పనికొస్తుంది.

కీల అడుగున రంధ్రాల మీద కూర్చునే మెత్తటి ప్యాడ్లు పాతవైతే ఎక్కువగా లక్కతో అంటించి ఉంటాయి. వేడి చేయాలంటే ముందు కీని చెక్క నుంచి పూర్తిగా ఊడదీయండి. స్పిరిట్, థిన్నర్ సీసాలు పక్కన ఉండకూడదు. ఎబొనైట్ (గట్టి రబ్బరు) మౌత్‌పీస్‌ను వేడినీళ్లలో వేస్తే రంగు మారి గంధకం వాసన కొడుతుంది, చల్లటి నీళ్లు, కాస్త సబ్బు చాలు. కీలు మెరిపించాలని బ్రాసో జోలికి పోవద్దు.

గొట్టం లోపలికి కొబ్బరినూనె రాయకండి, చలికి పేరుకుంటుంది. అవిసెనూనె వాడేవాళ్లు ఆ గుడ్డను ఉండచుట్టి బుట్టలో పడేయకూడదు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్లలో తడిపి పారేయండి. క్లారినెట్ చేసే నల్ల చెక్క మన జిట్రేగి జాతిదే, ఆఫ్రికాలో పెరుగుతుంది. దాని పొట్టు కొందరికి దగ్గు, దురద తెస్తుంది. ఉప్పుకాగితం పట్టకపోవడమే మేలు.

అంతా బిగించాక మొదటివారం రోజుకు పది నిమిషాలే ఊదండి, ఊదిన ప్రతిసారీ లోపల గుడ్డ లాగి తడి తీసేయండి.