గొడవకు ముందు గొలుసు: పోయిన డొంక దారిని తిరిగి తెచ్చుకోవడం ఎలా

మండల సర్వేయరుగా ముప్పై ఏళ్ళకు పైగా ఊరూరా గట్లు కొలిచాను. పదవీ విరమణ తర్వాత కృష్ణా డెల్టాలోని మా ఊరికి వచ్చి చూస్తే, చిన్నప్పుడు రెండు ఎడ్లబండ్లు ఎదురెదురుగా వచ్చినా ఆగకుండా సాగిపోయిన శ్మశానం డొంక సన్నని గట్టుగా మిగిలింది. ఆ కార్తీకంలో మా వీధి పెద్దావిడ ఒకరు పోయారు. పాడె మోసిన నలుగురూ మోకాలి లోతు నీళ్ళలో, పొట్టమీదున్న వరిని తొక్కుకుంటూ నడిచారు. డొంక ఏదయ్యా అంటే ఎవరికి వారు ఎదుటివాడి చేను చూపించారు.

వారిలో అబద్ధమాడినవారు లేరు. డొంకను ఒక్కరోజులో ఎవరూ దున్నరు. ఏటా దమ్ము చేసేటప్పుడు ఒక చాలు అటు జరుగుతుంది, గట్టు చెక్కేటప్పుడు పార ఇంకో జానెడు తింటుంది. నలభై ఏళ్ళు గడిచేసరికి రెండు వైపుల చేలూ కలవబోతాయి. అందుకే ఈ పనిలో దొంగను వెతకకండి, కొలత వెతకండి. మా ఊళ్ళో రెండేళ్ళు పట్టిన పని ఇది. మీకు ఇంకా తొందరగా కావచ్చు.

ముందు కాగితం

డొంక, పుంత, బాట, బండ్ల బాట, నక్ష బాట. పేరు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. రికార్డులో మాత్రం దానికి ఒక సర్వే నంబరు, ఒక విస్తీర్ణం ఉంటాయి. కోస్తా జిల్లాల్లో చూడవలసినవి మూడు: గ్రామ నక్ష, ఆ సర్వే నంబరు ఎఫ్.ఎం.బి. (ఆ నంబరు హద్దుల కొలతలు గీసిన పటం), రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ (ప్రతి నంబరు ఏ రకం నేలో, ఎంత విస్తీర్ణమో రాసిన పాత రిజిస్టరు). రిజిస్టరులో ఆ నంబరు ఎదుట పోరంబోకు అనీ, వివరాల గడిలో డొంక అనో బండి బాట అనో ఉంటే సగం పని అయినట్లే. తెలంగాణలో అయితే నక్షతో పాటు టీపన్ (కొలతల పటం), సేత్వార్ (మొదటి సర్వే నాటి భూముల రిజిస్టరు) అడగండి. అడంగల్ ఒక్కటే పట్టుకుని బయలుదేరకండి. అది ఈ ఏడాది ఎవరు సాగు చేస్తున్నారో చెబుతుంది. మనకు కావలసింది మొదటి కొలతలో ఆ నేల ఏమిటన్నది.

ఈ కాగితాలు తహసీల్దారు కార్యాలయంలో, జిల్లా సర్వే కార్యాలయంలో ఉంటాయి. నకలు అడిగితే 'రికార్డు చిరిగిపోయింది' అనే మాట వినిపించవచ్చు. నేను కూడా ఒకటి రెండుసార్లు అన్న మాటే అది, దాచుకోవడం ఎందుకు. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. చిరిగిన రికార్డులు చాలావరకు ఆ 30 రోజుల్లో అతుక్కుంటాయి.

ఎఫ్.ఎం.బి. చేతికి వచ్చాక అందులోని అంకెలు లింకులా, మీటర్లా అని ముందు తేల్చుకోండి. ఒక ఊళ్ళో '50' అనే అంకెను అడుగులనుకుని ఇరుపక్షాలూ పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళడం నాకు తెలుసు. అవి లింకులు. పాత గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. అంటే లింకు 7.92 అంగుళాలు, 50 లింకులు 33 అడుగులు. డొంక అనగానే పెద్దవాళ్ళ నోట '33 అడుగులు' అనే మాట వచ్చేది ఇందుకే, అది సగం గొలుసు. 25 లింకులని ఉంటే పదహారున్నర అడుగులే. కాగితంలో 25 ఉన్నచోట 33 కావాలని పట్టుబడితే మీరే ఆక్రమణదారులవుతారు.

ఒక లెక్క వేసి జేబులో పెట్టుకోండి. 33 అడుగుల డొంక ఒక కిలోమీటరు సాగితే దాని విస్తీర్ణం దాదాపు రెండున్నర ఎకరాలు. మీ ఊళ్ళో ఎకరం ధరతో గుణించి గ్రామసభలో చదివితే అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్నవారు కూడా తల ఎత్తుతారు.

అది ఎవరి దారి?

ఈ ప్రశ్న దాటవేసినవారే ఏళ్ళ తరబడి కార్యాలయాల చుట్టూ తిరుగుతారు. డొంకకు సొంత సర్వే నంబరు ఉండి పోరంబోకు అయితే అది ప్రజల దారి. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం ప్రజల బాటలు ప్రభుత్వ ఆస్తి. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం బండి బాటలు, పశువుల బీళ్ళు, కళ్ళాలు, శ్మశానాలు వంటి పోరంబోకులు పంచాయతీకి దఖలు పడతాయి. ఈ రెండు చట్టాల మధ్యే మనిషి బంతి అవుతాడు. రెవెన్యూ వారు పంచాయతీదంటారు, పంచాయతీ వారు కొలిచి తొలగించేది రెవెన్యూ అంటారు. కాబట్టి దరఖాస్తు ఒక్కటే రాసి ఇద్దరికీ ఇవ్వండి, ప్రతిపై ఇద్దరి పేర్లూ కనిపించేలా.

కాలువ గట్టు మీది దారి అయితే అది జలవనరుల శాఖది, ఈ పద్ధతి అక్కడ పనికిరాదు. ఇక నక్షలో జంట చుక్కల గీతలు ఒకరి పట్టా నంబరు లోపలినుంచి పోతుంటే, అక్కడ దారి వాడకం ఉందని తెలుస్తుందే గాని నేల ప్రభుత్వానిదని తేలదు. అలాంటి చోట 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, అంటే పరుల నేల మీదుగా నడిచే హక్కు వంటివి చెప్పే చట్టం చూడాలి. ఇరవై ఏళ్ళు అడ్డు లేకుండా, హక్కుగా నడిచిన దారి గాని, అన్నదమ్ముల పంపకంలో ఒకరి వాటాకు వేరే దారే లేకపోవడం గాని ఉంటే సివిల్ కోర్టులో అడగవచ్చు. అక్కడ తహసీల్దారును నిందించి లాభం లేదు. పంపకాల దస్తావేజు రాయించుకునేవారికి చెప్పే మాట ఒకటే: హద్దులతో పాటు 'రాకపోకలకు ఇన్ని అడుగుల దారి' అని ఆ కాగితంలోనే రాయించండి. అన్నదమ్ములు బాగున్నారు కదా అని వదిలేసిన వాక్యం అది. వారి పిల్లలు ఆ వాక్యం కోసం వకీళ్ళకు ఫీజు కడతారు.

దరఖాస్తు ఎలా రాయాలి

'ఫలానావారు డొంక కబ్జా చేశారు' అని రాయకండి. ఆ పేరు చూడగానే దరఖాస్తుకు పార్టీ రంగు పడుతుంది. ఇలా రాయండి: 'మా గ్రామం సర్వే నంబరు ఫలానా, డొంక పోరంబోకు, విస్తీర్ణం ఇంత. గ్రామకంఠం నుంచి శ్మశానం వరకు గల ఈ దారి హద్దులు క్షేత్రంలో కనిపించడం లేదు. ఎఫ్.ఎం.బి. ప్రకారం కొలిపించి, రెండు వైపులా రాళ్ళు పాతించి, హద్దులు దాటి ఉన్న సాగుపై చట్టప్రకారం చర్య తీసుకోగలరు.' ఎవరి పేరూ లేదు. కాని కొలిస్తే అందరి పేర్లూ వస్తాయి. రెండో ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకోండి. సోమవారం అర్జీల వేదికలో ఇస్తే అర్జీ నంబరు రాసుకోండి.

సంతకాల గురించి ఒక నిజం చెప్పాలి. డొంక అవతల ఎస్సీ కాలనీ వారి శ్మశానం ఉంది. వారు అంతకు ముందు రెండుసార్లు అర్జీ పెట్టుకున్నారు, రెండూ ఫైలులో నిద్రపోయాయి. డొంక పక్కన సెంటు భూమి లేనివారి దారే ముందుగా పోతుంది, ఎందుకంటే అక్కడ నిలబడి అడిగేవారు ఉండరు. మూడోసారి వారితో పాటు వరికోత యంత్రం చేలోకి దిగక ఇబ్బంది పడుతున్న పై రైతులు కూడా సంతకం చేశారు. అప్పుడు ఫైలుకు కాళ్ళు వచ్చాయి. ఇది న్యాయమా అంటే కాదు. మీ ఊళ్ళో మాత్రం మొదటి అర్జీకే అందరూ కలవండి.

అదే సమయంలో గ్రామసభలో తీర్మానం చేయించండి. 2011 నాటి గ్రామ పంచాయతీ ఆస్తుల రక్షణ నియమాలు ఉన్నాయని కార్యదర్శికి గుర్తు చేసి, ఆస్తుల రిజిస్టరులో ఈ డొంక ఉందో లేదో చూపించమనండి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద అమ్మకానికి వీల్లేని భూముల జాబితాలో ఆ సర్వే నంబరు ఉండేలా కూడా రాయించండి. డొంక ముక్కను ఎవరూ పొరుగు నంబరుతో కలిపి అమ్మకుండా ఇది ఆపుతుంది.

కొలిచే రోజు

మినుము పీకిన తర్వాత, కాలువకు నీళ్ళు వదలకముందు, అంటే ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల లోపు కొలిపించండి. చేలో పైరు ఉండగా సర్వేయరును దింపితే కొలత కన్నా తిట్లు ఎక్కువ పడతాయి. సర్వేయరు మీ చేను దగ్గరినుంచి మొదలుపెడతానంటే ఒప్పుకోవద్దు. ఎవరూ కదల్చని పాత రాయి దగ్గరినుంచి, కుదిరితే మూడు ఊళ్ళ సరిహద్దులు కలిసే ట్రైజంక్షన్ రాయి దగ్గరినుంచి రమ్మనండి. ఒక రాయి మీద ఆధారపడితే తప్పు ఎటు పోయిందో తెలియదు, రెండు రాళ్ళ మధ్య దూరం కాగితంతో సరిపోతేనే ముందుకు నడవాలి. నాతోటివారు ఎండకు విసిగి ఈ పని ఎగ్గొట్టడం నేను చూశాను.

పక్క రైతులందరికీ ముందే నోటీసు వెళ్ళాలి. కొలత అయ్యాక అక్కడికక్కడే పంచనామా రాయించి, వచ్చినవారి సంతకాలు తీసుకుని, స్కెచ్ నకలు అడగండి. సంతకం పెట్టనన్న వారి సంగతి కూడా పంచనామాలో రాయాలి. రాళ్ళు ఆ సాయంత్రమే పాతించండి. రేపు పాతుదామంటే రేపటికి సున్నం గుర్తులు ఉండవు.

మా డొంకలో అతి ఇరుకైన చోట మిగిలింది సన్నని గట్టే. మా తమ్ముడి చేనులోకి ఆరడుగుల డొంక వచ్చి ఉంది. ఆ రోజు నాకు తల ఎత్తుకోవడం కష్టమైంది గాని, పని అక్కడే సులువైంది. మర్నాడు ట్రాక్టరు పెట్టి మా గట్టునే ముందు వెనక్కి జరిపాం. వరసకు బావ అయ్యే ఒకాయన పదకొండు అడుగులు కలుపుకున్నారు. ఆయన గడ్డివామి డొంక నడిబొడ్డున ఉంది. 'బావా, గడ్డి అయిపోయేదాకా వామి ఉండనీ, కొత్త వామి మాత్రం నీ చేలో వేసుకో' అన్నాను. 'మీ తమ్ముడిది తీశావు కాబట్టి సరిపోయింది, లేకపోతే నీ గొలుసు నీ మెడలోనే వేసేవాణ్ణి' అన్నారు. మొదటి అడుగు మన ఇంటినుంచి వేయాలి. ఇది నీతి కోసం చెబుతున్నది కాదు. ఇంకో ఉపాయం పనిచేయదు కాబట్టి చెబుతున్నాను.

మాట వినని వారికి తహసీల్దారు 1905 చట్టం సెక్షన్ 7 కింద సంజాయిషీ నోటీసు, ఆ తర్వాత సెక్షన్ 6 కింద ఖాళీ చేయమని నోటీసు ఇస్తారు. ఈ వరుస తప్పితే హైకోర్టులో మొత్తం కొట్టుకుపోతుంది, కాబట్టి తొందరపెట్టకండి. 'శివాయి జమా కట్టాను, నాదే' అని రసీదులు చూపించేవారు ఉంటారు. ఆ రసీదు ఆక్రమణకు కట్టిన డబ్బుకే, హక్కుకు కాదు. రాత్రికి రాత్రి ఎవరైనా దారికి అడ్డంగా కందకం తవ్వితే, ముళ్ళ కంచె వేస్తే మాత్రం ఈ నోటీసుల దాకా ఆగనక్కరలేదు. భారతీయ నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 152 కింద, పాత పేరుతో సి.ఆర్.పి.సి. 133 కింద, ప్రజల దారిలో అడ్డు తొలగించమని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటును కోరవచ్చు.

డొంక మీది చెట్లను మీరు కొట్టకండి. అవి మీవి కావు. పంచాయతీ వేలం వేయాలి. మా ఊళ్ళో సర్కారు తుమ్మ వేలం డబ్బు గ్రావెల్‌కు కొంత కలిసొచ్చింది.

దారి వేసేటప్పుడు

రాళ్ళు పాతి ఊరుకుంటే రెండు దమ్ములకు మళ్ళీ మొదటికి వస్తుంది. రెండు హద్దుల వెంట గాడి తీసి ఆ మట్టిని మధ్యలో పోయించండి. మధ్య ఎత్తవుతుంది, గాడి హద్దు అవుతుంది. రాయి పీకడానికి ఒక రాత్రి చాలు, గాడి పూడ్చాలంటే ఊరంతా చూస్తుంది. మట్టి పని ఉపాధి హామీ కింద పెట్టించవచ్చు. పనుల జాబితా గ్రామసభలోనే తయారవుతుంది కాబట్టి ఆ రోజు తప్పకుండా వెళ్ళండి.

అన్నిటికన్నా ముఖ్యం బోదెలు. డొంక కింద నుంచి ఎన్ని చేలకు నీళ్ళు పారుతున్నాయో లెక్కపెట్టి అన్ని చోట్లా గొట్టాలు వేయాలి. మేము ఒకటి మరిచిపోయాం. నీళ్ళు వదిలిన మొదటి రాత్రే ఆ రైతు దారిని పారతో నరికాడు. ఆయనది తప్పని ఎవరూ అనలేకపోయారు. సన్న గొట్టం వేస్తే నాచు పట్టి పూడుతుంది, అడుగు వ్యాసానికి తగ్గవద్దు. నల్లరేగడి మీద గ్రావెల్ లేకుండా ఒక్క వాన గడవదు. దమ్ము చక్రాలతో ట్రాక్టర్లు ఎక్కితే గ్రావెల్ కూడా నిలవదు, దానికి పంచాయతీ తీర్మానం, ఒకరిద్దరికి జరిమానా కావాలి.

మీ ఊళ్ళో భూముల రీసర్వే ఇంకా జరగకపోతే అప్రమత్తంగా ఉండండి. డ్రోను ఆకాశం నుంచి చూసేది ఇవాళ్టి గట్లను. దున్నుకుపోయిన డొంక దాని కంటికి చేనులాగే కనబడుతుంది. సిబ్బంది హద్దులు చూపించమన్న రోజు ఎవరి చేను దగ్గర వారు నిలబడతారు, డొంక తరఫున నిలబడేవారు ఉండరు. పాత ఎఫ్.ఎం.బి. పట్టుకుని మీరు నిలబడండి. కొత్త ఎల్.పి.ఎం.లో (రీసర్వే తర్వాత ఇచ్చే భూమి పటంలో) డొంక వెడల్పు తగ్గితే గడువులోపల రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి.

మా హద్దుల వెంట పిల్లలచేత తాటి టెంకలు పాతించాం. పదిహేనేళ్ళ తర్వాతి సర్వేయరుకు అవే రాళ్ళు. ఈలోగా ఏటా కనుమ మర్నాడు 33 అడుగుల తాడు పట్టుకుని ఇద్దరం డొంక చివరిదాకా నడుస్తాం. తాడు నైలానుది వద్దు, అది సాగుతుంది, ఆ సాగిన జానెడు దగ్గరే మళ్ళీ తగాదా మొదలవుతుంది. మాది నూలు తాడు, మా వసారాలో మేకుకు తగిలించి ఉంటుంది. ఎవరికి కావాలన్నా తీసుకువెళ్ళవచ్చు. పోయిన నెల మా బావ తీసుకువెళ్ళారు, పొరుగు చేనువాడు గాడి పూడ్చాడని అనుమానమట. ఇంకా తిరిగి తేలేదు.