బ్యాంకాక్ యావరాత్ వీధికి వెళ్ళే కడపవాసులకు కొన్ని సూచనలు

పండుగ ముందురోజు సాయంత్రం కడప వై.వి. స్ట్రీట్‌లో నడిచినవారిని బ్యాంకాక్ చైనాటౌన్ రద్దీ భయపెట్టదు; ముందుగా తెలుసుకోవలసింది అక్కడి వేళలే. 1782లో కొత్త రాజధాని కోసం చైనా వర్తకులు తమ స్థలం ఖాళీ చేసి వెళ్ళి స్థిరపడిన సాంపెంగ్ సందు పగటి బజారు, దానికి సమాంతరంగా ఒకటిన్నర కిలోమీటరు సాగే యావరాత్ రోడ్డు రాత్రి బజారు. కనుక మధ్యాహ్నం సాంపెంగ్‌లో మొదలుపెట్టి, దీపాలు వెలిగే వేళకు యావరాత్ చేరుకోవాలి. సోమవారం తిండి బండ్లు చాలావరకు రావు. టాక్సీ ఎక్కితే ట్రాఫిక్‌లోనే పొద్దుగుంకుతుంది. 2019లో తెరిచిన వాట్ మాంగ్కోన్ మెట్రో స్టేషన్‌లో దిగడం మేలు.

సాంపెంగ్‌లో పూసలు, రిబ్బన్లు, బొమ్మలు టోకున అమ్ముతారు, ఒకటి కాక అరడజను తీసుకుంటే ధర తగ్గుతుంది. ఇద్దరు పక్కపక్కన నడవడమే కష్టమయ్యే ఆ సందులోకే మోటారు సైకిళ్ళూ వస్తాయి; వెనుక హారన్ వినిపిస్తే గోడకు ఒదగడమే.

శాకాహారులకు అసలు చిక్కు చేపల సాస్, ఎందుకంటే కూరగాయల వేపుడులోనూ దాన్ని పోస్తారు. పసుపు జెండా మీద ఎర్రగా, మన కంటికి 17 అంకెలా కనిపించే గుర్తు ఉన్న బండి వెతకండి. దాన్ని ‘జే’ అని చదువుతారు; అక్కడ మాంసం, గుడ్డు, చేపల సాస్‌తో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. పంది మాంసం తిననివారు ‘మూ’ అన్న మాట గుర్తుంచుకోవాలి, అక్కడి నూడుల్స్ పులుసుల్లో చాలావాటిలో ఉండేది అదే.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళు చూసిన కళ్ళు యావరాత్‌లోని ఎర్రరంగు నగల దుకాణాల దగ్గర ఆగక మానవు. అక్కడ ‘బాత్’ అంటే డబ్బే కాదు, తూకం కూడా. నగల్లో ఒక బాత్ సుమారు 15.16 గ్రాములు, అంటే మన రెండు సవర్లకు కాస్త తక్కువ. నాణ్యత 96.5 శాతం కనుక మన 916 నగకంటే పసుపు ఛాయ ఎక్కువ, మెత్తన కూడా. రోజూ వేసుకునే గాజులకు నేనైతే తీసుకోను. బోర్డు మీది ధరకు మజూరీ అదనం, కాబట్టి దానిని విడిగా అడిగి, బరువూ నాణ్యతా రాసిన రసీదు తీసుకోవాలి. మన కస్టమ్స్ పరిమితిని మాత్రం చెన్నైలోనో బెంగళూరులోనో విమానం ఎక్కకముందే చూసుకోండి.