బిడ్డకు ఉగ్గు మొదలుపెట్టడం ఎలా? చెంచా వాల్చినా జారకూడదు

తల్లిపాలు తాగే బిడ్డకు ఆరు నెలలు నిండగానే, అంటే 180 రోజులు దాటగానే, పైతిండి మొదలుపెట్టాలి. అంతకు ముందు వద్దు. ఆ తర్వాత ఆలస్యమూ వద్దు. అంగన్‌వాడీలో పనిచేస్తూ నేను చూసిన బక్కచిక్కిన పిల్లల్లో చాలామంది పుట్టినప్పుడు మంచి బరువున్నవాళ్ళే. ఆరో నెల దాకా బొద్దుగా పెరిగి, ఆ తర్వాత చిక్కిపోయినవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలో తిండికి లోటుండదు. బిడ్డ గిన్నెలోకి వచ్చేది మాత్రం పప్పు మీది తేట, గంజి, పాలలో నానబెట్టిన బిస్కెట్టు. దాన్నే తిండి అనుకుంటారు. కింద ఉగ్గు చిక్కదనం గురించి రాసిన భాగాన్ని దయచేసి నిదానంగా చదవండి. తక్కినవన్నీ సులువే.

ఆడపిల్లలకు ఐదో నెలలో, మగపిల్లలకు ఆరో నెలలో అన్నప్రాశన చేసే ఆనవాయితీ చాలా ఇళ్ళలో ఉంది. వేడుక చేసుకోండి. మెతుకు పెదవికి తాకించి, బిడ్డ పుస్తకం పట్టుకుంటుందో బంగారం పట్టుకుంటుందో చూసి మురిసిపోండి. రోజువారీ తిండి మాత్రం ఆరు నెలలు నిండాకే. నాలుకకు తేనె రాయడం, ఎంత పెద్దవాళ్ళు చెప్పినా, ఏడాది నిండేదాకా కూడదు. తేనెతో పసిపిల్లలకు బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

నెలలు నిండడంతోపాటు బిడ్డలో మూడు గుర్తులు చూడండి. మెడ నిలబడాలి, ఆనిస్తే కూర్చోవాలి, నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టకుండా ఉండాలి.

కావలసినవి

అంచులు నున్నగా ఉన్న చిన్న స్టీలు చెంచా, ఒక గిన్నె, పప్పుగుత్తి, నీళ్ళకు చిన్న గ్లాసు. పాలసీసా వద్దు. సీసాలో ఉగ్గు పోసి, పీకకు పెద్ద రంధ్రం చేసి పట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అలా తాగిన బిడ్డ తినడం నేర్చుకోదు, సీసాలో క్రిములు చేరి విరేచనాలు పట్టుకుంటాయి. మిక్సీని పిండి కొట్టడానికే వాడండి, వండిన అన్నాన్ని అందులో వేయకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఉగ్గు పిండి

మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పొట్టు తీసిన పెసరపప్పు. బియ్యం పాతవే కావాలి. కొత్త బియ్యం జిగురు కట్టి బిడ్డ అంగిలికి అతుక్కుంటాయి. రెండూ కడిగి, గుడ్డ మీద నీడన ఆరబెట్టి, విడివిడిగా దోరగా వేయించి, మెత్తటి రవ్వలా పట్టించండి. తడిలేని డబ్బాలో పోసి, రెండు మూడు వారాలకు సరిపడేంతే చేసుకోండి.

జీడిపప్పు, బాదం, అక్రోటు, పది రకాల చిరుధాన్యాలు అన్నీ కలిపి పట్టించిన పిండిని బలమని మొదటి రోజే పెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒంటి మీద దద్దురు వస్తే ఏది పడలేదో ఎలా తెలుస్తుంది? ఒక్కొక్కటే మొదలుపెట్టి, మూడు రోజులు చూసి, పడిందనుకున్నాక ఇంకొకటి కలపాలి. డబ్బా తిండి కన్నా ఇంటి ఉగ్గు వెయ్యి రెట్లు మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఖర్చు సంగతి అలా ఉంచండి, డబ్బా పొడి ఎప్పుడు తిన్నా ఒకే రుచి, ఒకే మెత్తదనం. దానికి అలవాటుపడిన బిడ్డ ఇంట్లో పప్పన్నం పెడితే మొహం తిప్పుకుంటుంది. ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం మంచిదే. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె ఉంటాయి. అందులో చక్కెర కూడా ఉంటుంది కాబట్టి ఇంటి తిండికి తోడుగానే వాడండి. ఆ రెండున్నర కిలోల పొట్లం బిడ్డ కోసం. ఇంటిల్లిపాదికీ లడ్డూలు చుట్టడానికి ఇచ్చింది కాదు.

మొదటి రోజులు

పొద్దున పూటే మొదలుపెట్టాలి. ఏదైనా పడకపోతే పగలంతా గమనించే వీలుంటుంది, ఆసుపత్రికి వెళ్ళాలన్నా తేలిక. ముందు పాలు పట్టి, అరగంట ఆగి ఉగ్గు చూపించండి. కడుపు కాలుతున్న బిడ్డకు చెంచా కనిపిస్తే ఏడుపే వస్తుంది. రెండు మూడు చెంచాలు చాలు. ఉమ్మేస్తే కంగారుపడకండి, మర్నాడు మళ్ళీ పెట్టండి. ఒక రుచి అలవాటు కావడానికి చాలాసార్లు పెట్టాల్సి వస్తుంది. తల్లిపాలు మాత్రం ఆపకండి. రెండేళ్ళు, ఆ పైన కూడా పట్టవచ్చు.

చిక్కదనం

రెండు పెద్ద చెంచాల పిండిని అర గ్లాసు చల్లటి నీళ్ళలో ఉండకట్టకుండా కలిపి, సన్నటి మంట మీద అడుగంటకుండా ఉడికించండి. దించాక అర చెంచా నెయ్యి వేయండి. గోరువెచ్చగా అయ్యాక చెంచాతో తీసి, చెంచాను పక్కకు వాల్చండి. ఉగ్గు జారిపోతే అది పలుచన. ఉగ్గు చెంచాను పట్టుకుని ఉండాలి, లేదా ముద్దగా మెల్లగా పడాలి. ధారగా కారితే మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. ఈ ఒక్క పరీక్షను చెంచా నోట్లో పెట్టే ముందు ప్రతిసారీ చేయండి.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. పసిబిడ్డ పొట్టలో ఒక విడతకు పట్టేది కిలో బరువుకు దాదాపు 30 గ్రాములు. ఏడు కిలోల బిడ్డకు లెక్కేసుకుంటే 200 గ్రాములకు కాస్త పైన. దాన్ని పప్పు తేటతో నింపితే పొట్ట నిండుతుంది, బలం రాదు. పొట్ట నిండింది కాబట్టి పాలు కూడా తక్కువ తాగుతుంది. అంటే పలుచటి తిండి తాను బలం ఇవ్వకపోగా, పాల వల్ల వచ్చే బలాన్ని కూడా తగ్గిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు పాలు కాక రోజుకు 200 కేలరీలు తిండి నుంచి రావాలి. గంజితో అది జరిగే పని కాదు.

చిక్కగా పెడితే అరగదని అత్తగార్లు భయపడతారు. వాళ్ళ భయం బిడ్డ మీది ప్రేమతోనే. వాళ్ళతో వాదించే బదులు చెంచా వాల్చి చూపించండి, వాళ్ళ చేతే పెట్టించండి. బాగా ఉడికిన పిండి అరుగుతుంది. మరీ బంకగా అయ్యి బిడ్డ మింగలేకపోతున్నా నీళ్ళు పోయవద్దు. రాగుల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి కొట్టిన పిండిని చిటికెడు కలిపి, ఇంకోసారి పొంగు రానివ్వండి. మొలకల్లో పుట్టే గుణం పిండిపదార్థాన్ని విడగొట్టి, నీళ్ళు చేర్చకుండానే ఉగ్గును వదులు చేస్తుంది. మొలకెత్తించిన పిండిని బాగా మాడ్చి వేయిస్తే ఆ గుణం పోతుంది కాబట్టి సన్నటి సెగ మీద తడి ఆరేంతే వేయించండి.

ఇక రెండో మెట్టు. చాలా ఇళ్ళు ఇక్కడే ఆగిపోతాయి. బిడ్డ మెత్తటి ఉగ్గు చక్కగా తింటోందని ఏడాది దాకా అదే పెడతారు, అన్నాన్ని కూడా మిక్సీలో తిప్పి పెడతారు. ఎనిమిదో నెల వచ్చేసరికి అన్నం, పప్పు కలిపి చేత్తోనో పప్పుగుత్తితోనో మెదపాలి, పలుకు నాలుకకు తగలాలి. తొమ్మిదో నెలలో ఉడికిన క్యారెట్, చిలగడదుంప, ఇడ్లీ ముక్క చేతికివ్వాలి. పళ్ళు రాలేదని ఆగకండి, చిగుళ్ళతో మెదుపుకోగలరు. పదో నెల లోపు తిండిలో పలుకు ఎరగని పిల్లలు తర్వాత ఎంత బతిమాలినా గట్టి తిండి ముట్టకపోవడం నేను పదే పదే చూశాను. మూడేళ్ళ వయసులో కూడా పెరుగన్నం పిండి చేసి పెట్టే తల్లులు నా దగ్గరికి వచ్చి ఏడుస్తారు.

పలుకు తగిలితే మొదట్లో బిడ్డ ఓకరిస్తుంది. కళ్ళలో నీళ్ళు వస్తాయి, దగ్గుతుంది, శబ్దం చేస్తుంది, కాస్త బయటికి తెస్తుంది. అది నేర్చుకోవడంలో భాగం. శబ్దం వస్తున్నంతసేపు ఊపిరి ఆడుతోందని అర్థం. వేలు పెట్టి తీయకండి, ముక్క లోపలికి పోతుంది. శబ్దం లేకుండా, ఊపిరి అందక, పెదాలు నీలంగా మారితే అది వేరు. పెద్దవాళ్ళకు పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నడినెత్తిన తడతాం. పసిబిడ్డకు ఆ పని చేయకండి. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి వచ్చేలా పట్టుకుని, వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా తట్టాలి. బయటికి రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో ఐదుసార్లు నొక్కాలి. మళ్ళీ అదే. ఇంట్లో ఇంకొకరు వెంటనే 108కి ఫోను చేయాలి. ఇదంతా అవసరం రాకూడదనుకుంటే పల్లీలు, శనగలు, పచ్చి క్యారెట్, కోయని ద్రాక్ష దగ్గరికి రానివ్వకండి. పల్లీలు పొడి చేసి ఉగ్గులో కలపవచ్చు, గింజలుగా మాత్రం ఐదేళ్ళ దాకా వద్దు. పడుకోబెట్టి, పరిగెత్తించి, ఏడుస్తున్నప్పుడు నోరు తెరిపించి తినిపించడం అన్నిటికన్నా ప్రమాదం.

తక్కిన విషయాలు

ఎనిమిదో నెల చివరికి రోజుకు రెండు మూడుసార్లు, విడతకు 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం. తొమ్మిది నుంచి పదకొండు నెలల దాకా అదే సగం గిన్నె మూడు నాలుగుసార్లు. ఏడాది దాటాక ముప్పావు గిన్నె నుంచి నిండు గిన్నె, మధ్యలో ఏదైనా పండు.

ఆరు నెలల తర్వాత తల్లిపాలలోని ఇనుము చాలదు, పుట్టుకతో తెచ్చుకున్న నిల్వ కూడా తరుగుతుంది. కాబట్టి తోటకూర పప్పులో నిమ్మరసం పిండండి. బాగా ఉడికించిన గుడ్డు, మాంసం తినే ఇళ్ళలో మెత్తగా ఉడికించిన కార్జం పెట్టండి. గుడ్డు వేడి చేస్తుందని మానేయడానికి కారణం లేదు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున వేయండి, దాంతో విరేచనం నల్లగా వస్తే భయపడకండి.

ఏడాది దాకా ఇంట్లో వండే తిండిలో ఉప్పు, చక్కెర వద్దు. కూరలో ఉప్పూ కారం వేయకముందే బిడ్డ వాటా తీసేయండి. ఆవుపాలు, గేదెపాలు తాగడానికి ఇవ్వడం కూడా ఏడాది తర్వాతే. టీ ఎప్పుడూ వద్దు, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఫోను చూపించి తినిపించకండి. ఎదురుగా కూర్చోబెట్టి, మాట్లాడుతూ పెట్టండి. నోరు మూసుకుంటే, తల తిప్పుకుంటే ఆపేయండి. ముక్కు మూసి మింగించడం చూశాను. అలా తిన్న పిల్లలకు చెంచా అంటేనే భయం పట్టుకుంటుంది.

విరేచనాలు, జ్వరం వచ్చినప్పుడు లంఖణం పెట్టకండి. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి, పాలు ఇంకా ఎక్కువసార్లు పట్టండి. తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట అదనంగా తినిపించండి. నెలనెలా బరువు తూయించి కార్డులో గీత చూసుకోండి. వరుసగా రెండు నెలలు గీత పైకి పోకపోతే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. వెళ్ళేటప్పుడు బిడ్డకు రోజూ పెడుతున్న ఉగ్గును గిన్నెతో సహా తీసుకెళ్ళి చూపించండి.